డాసన్ సిటీ: బంగారాన్ని దాచిందీ, ఊరిని వంచిందీ ఒకే నేల

కెనడా వాయవ్య మూలన, యూకాన్ నదిలో క్లాండైక్ నది కలిసే చోట ఉన్న డాసన్ సిటీకి వేసవిలో వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది 1898ని చూడటానికి వస్తారు. చెక్క పలకలతో పరిచిన కాలిబాటలు, ముందుభాగం మాత్రం రెండంతస్తుల ఎత్తు కనిపించేలా కట్టిన పాత దుకాణాలు, రాత్రిపూట జూదశాలలో నాట్యాలు, వాగు ఒడ్డున పళ్లెం పట్టుకుని ఇసుక గాలించి చూపించే గైడు, ఇవన్నీ వారికి దొరుకుతాయి. చిత్రమేమిటంటే, వారు చూడటానికి వచ్చిన ఆ గోల్డ్ రష్, అంటే బంగారం కోసం జనం తీసిన పరుగు, గట్టిగా మూడేళ్లు కూడా నిలవలేదు. 1896 ఆగస్టులో బంగారం దొరికింది, 1898 వేసవికి ఊళ్లో 30,000 మంది దాకా చేరారు, 1899 వేసవిలో అలాస్కా తీరాన నోమ్‌లో బంగారం ఉందన్న కబురు రాగానే వేలమంది మూటాముల్లె సర్దుకుని పడవలెక్కారు. 2021 జనగణనలో ఊరి జనాభా 1,577.

మూడేళ్ల ముచ్చటను మాత్రమే చూసి వెనుదిరిగినవారికి ఈ ఊరు సగమే అర్థమవుతుంది. ఊరి వీధుల్లో చాలావాటికి నేటికీ తారు ఎందుకు వేయలేదు, పాత ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఎందుకు వాలాయి, ఊరి వెనక లోయల్లో కిలోమీటర్ల కొద్దీ గులకరాళ్ల గుట్టలు ఎక్కడివి, గనివాళ్ల చేతికి బంగారంతోపాటు మంచుయుగపు మామత్ ఏనుగు పిల్ల ఎలా దొరికింది, 2023లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు బంగారాన్ని పక్కన పెట్టి మరో సంగతిని ఎందుకు ముందుకు తెచ్చింది అన్న ప్రశ్నలకు గోల్డ్ రష్ కథ ఒక్కటే జవాబు చెప్పలేదు. వాటికి జవాబు రెండు చోట్ల ఉంది. మొదటిది, హిమానీనదాలు ఎన్నడూ కప్పని, అడుగున ఎన్నడూ కరగని ఈ నేల. రెండోది, బంగారం సంగతి ఎవరూ ఎత్తకముందే ఆ నేల మీద బతుకుతున్న జనం.

బంగారం ఇక్కడే ఎందుకు మిగిలింది

తెలుగువారికి బంగారు గని అనగానే గుర్తొచ్చేది కోలారు. చిత్తూరు వైపు పల్లెల నుంచి మనవాళ్లు తరతరాలుగా పనికి వెళ్లిన ఆ గనులు భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగాయి. అక్కడ బంగారం గట్టి రాతి పొరల్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని తీయడానికి కంపెనీ, యంత్రాలు, పెట్టుబడి కావలసి వచ్చాయి. క్లాండైక్ బంగారం తీరు వేరు. కొండల్లోని రాతి పొరలు లక్షల ఏళ్లపాటు ఎండకూ వానకూ మంచుకూ శిథిలమై, వాటిలోని బంగారం విడివడి వాగుల్లోకి జారింది. గులకరాళ్లకన్నా ఏడు రెట్లు బరువైనది కనుక ప్రవాహం దాన్ని ఎక్కువ దూరం మోయలేక వాగు అడుగున, గట్టి రాతిపొర పగుళ్లలో వదిలేసింది. పార, పళ్లెం, నీళ్లు ఉంటే చాలు, ఒక్క మనిషి కూడా దాన్ని తీయగలడు. పెట్టుబడి లేని గుమస్తాలూ కూలీలూ పొలోమని పరుగెత్తుకొచ్చింది అందుకే. రాతిగనుల వైపు కంపెనీలు వెళతాయి గానీ జనం ఇలా ఎగబడరు.

అయితే వాగుల్లో బంగారం కెనడాలో చాలాచోట్ల ఉండాలి కదా అన్న సందేహం వస్తుంది. కెనడాలో అత్యధిక భాగాన్ని మంచుయుగాల్లో హిమానీనదాలు కప్పేశాయి. అవి కదిలినప్పుడల్లా లోయల అడుగును చెక్కి, గులకనూ బంగారాన్నీ కలిపి చెల్లాచెదురు చేశాయి. యూకాన్ ప్రాంతపు మధ్యభాగం నుంచి అలాస్కా మీదుగా సైబీరియా దాకా వ్యాపించిన ఒక పెద్ద భూభాగం మాత్రం చలికి గడ్డకట్టినా, చాలినంత హిమపాతం లేని పొడి వాతావరణం వల్ల మంచు పలకల కిందికి రాలేదు. శాస్త్రజ్ఞులు బెరింజియా అని పిలిచే ఆ భూభాగంలోనే క్లాండైక్ ఉంది. అందువల్ల ఇక్కడి పాత నదుల గులకపొరలు చెక్కుచెదరకుండా కొండల భుజాల మీద తెల్లని మెట్లలా మిగిలాయి. తర్వాత బొనాంజా, ఎల్డొరాడో వంటి వాగులు ఆ పొరలను కోసుకుంటూ దిగి, వాటిలోని బంగారాన్ని మరోసారి కడిగి, మరింత చిక్కగా తమ అడుగున చేర్చాయి. ప్రకృతి రెండుసార్లు గాలించి పెట్టిన బంగారం అన్నమాట.

గాలించడం ఎలాగో పర్యాటకులు సొంతంగా చేసి చూడవచ్చు. బొనాంజా వాగు మీద ఆరో నంబరు క్లెయిమ్‌ను (తవ్వుకునే హక్కుతో ఒకరి పేర నమోదైన స్థలాన్ని క్లెయిమ్ అంటారు) స్థానిక పర్యాటక సంఘం అందరికీ ఉచితంగా తెరిచి ఉంచింది. పళ్లెంలోకి గులక ఎత్తి, నీళ్లలో ముంచి, పెద్ద రాళ్లను చేత్తో ఏరేసి, మన ఇళ్లలో బియ్యం గాలించినట్టు గుండ్రంగా తిప్పుతూ పైపైన తేలిన మట్టిని వంచేయాలి. చివరికి పళ్లెం అంచున నల్లని ఇనుప ఇసుక గీత ఒకటి మిగులుతుంది. అదృష్టం ఉంటే ఆ నలుపులో మినపపొట్టు కన్నా చిన్నదైన పసుపు రేకు ఒకటి కదలకుండా నిలుస్తుంది. ఆ కదలకపోవడమే గుర్తు. అభ్రకమైతే నీటితోపాటు కొట్టుకుపోతుంది. ఈ ఒక్క క్లెయిమ్ దాటి మరో వాగులో పళ్లెం ముంచడం మాత్రం తగదు, ఎందుకంటే చుట్టుపక్కల వాగుల్లో చాలాభాగం నేటికీ ఎవరో ఒకరి పేర నమోదై ఉన్న గని హక్కు భూమి.

ఆలస్యంగా వచ్చిన లక్షమంది

1896 ఆగస్టు 16న బంగారం కనుగొన్న బృందంలో అమెరికన్ అయిన జార్జ్ కార్మాక్, అతని భార్య కేట్, ఆమె అన్న స్కూకమ్ జిమ్, వారి మేనల్లుడు డాసన్ చార్లీ ఉన్నారు. కార్మాక్ తప్ప మిగిలిన ముగ్గురూ టాగిష్ ఆదివాసులు. ముందుగా చూసింది ఎవరన్న విషయంలో కథనాలు నేటికీ కలవవు. కనుగొన్నవారికి దక్కే రెండు క్లెయిములు మాత్రం కార్మాక్ పేర నమోదయ్యాయి. వాగు పొడవునా ఒక్కొక్కరికి 500 అడుగుల చొప్పున క్లెయిములకు హద్దు గుంజలు పాతారు. అప్పటికే యూకాన్ పరిసరాల్లో ఉన్న గనివాళ్లు కబురందగానే వచ్చి, ఆ శరదృతువు ముగిసేలోపు బొనాంజా, ఎల్డొరాడో వాగుల్లో మంచి చోట్లన్నిటా గుంజలు పాతేశారు. బయటి ప్రపంచానికి ఈ సంగతి తెలిసింది మరుసటి ఏడాది జులైలో, బంగారపు మూటలతో రెండు ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ రేవులకు చేరినప్పుడు. అంటే ఆ వార్త చదివి బయలుదేరినవారెవరికీ పాతుకోవడానికి మంచి వాగు మిగల్లేదు. ఇంచుమించు లక్షమంది బయలుదేరారనీ, 30,000 నుంచి 40,000 మంది మాత్రమే చేరారనీ అంచనా.

వారు పడ్డ పాట్ల గురించి చాలా రాశారు కనుక ఇక్కడ ఒక్క సంగతి చాలు. అలాస్కా తీరంలోని డైయా నుంచి చిల్కూట్ కనుమ మీదుగా బెనెట్ సరస్సు దాకా దారి 53 కిలోమీటర్లే. కనుమ మీద కాపలా ఉన్న కెనడా మౌంటెడ్ పోలీసులు ఏడాదికి సరిపడా తిండి, సామాను చూపనివారిని లోపలికి రానివ్వలేదు. ఆ సామాను బరువు టన్ను దాకా తూగేది. వీపు మీద మోయగలిగిందే ప్రతిసారీ మోసి, కనుమ అవతల పెట్టి, మళ్లీ కిందికి దిగి, ఇలా పదుల సార్లు అదే మంచు మెట్లు ఎక్కాలి. నిబంధన కఠినంగా కనిపించినా, దాన్ని తప్పుపట్టలేము. 1897 చలికాలంలో డాసన్‌లో తిండి కరువై జనాన్ని బయటికి పంపించవలసి వచ్చింది. 1898 మే 29న సరస్సు మంచు విడవగానే సొంతంగా కోసుకున్న పలకలతో కట్టిన 7,000కు పైగా పడవలు యూకాన్ నదిలోకి బయలుదేరాయి. ఆ దారి నేడు చిల్కూట్ కాలిబాటగా రెండు దేశాల పార్కుల శాఖల నిర్వహణలో ఉంది.

కరగని నేలను తవ్విన తీరు

క్లాండైక్ లోయల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల, అంటే పెర్మాఫ్రాస్ట్, కొన్నిచోట్ల పదుల మీటర్ల లోతు దాకా ఉంటుంది. వేసవిలో పైపొర కొంత కరిగినా, ఆ నీరు ఇంకడానికి కింద దారి లేక బురదై నిలుస్తుంది. బంగారం ఉన్నది ఆ గడ్డ కింద, రాతిపొర మీద. కాబట్టి తొలినాటి గనివాళ్లు తవ్వకానికి చలికాలాన్నే ఎంచుకున్నారు. వేసవిలో గొయ్యి తవ్వితే నీరు నిండుతుంది, చలికాలంలో గోడలు ఇనుములా నిలబడతాయి కాబట్టి వాటికి దుంగల ఊతం కూడా అంతగా అక్కర్లేదు. సాయంత్రం గోతిలో కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. తెల్లవారేసరికి అడుగు అటూఇటూగా మన్ను మెత్తబడేది. పొగ నిండిన ఆ గోతిలోకి దిగి, మెత్తబడినంత మేర తవ్వి, బకెట్లతో పైకి చేది గుట్టగా పోసేవారు. మళ్లీ మంట. ఇలా వారాలపాటు రాతిపొర దాకా దిగి, అక్కడి నుంచి అడ్డంగా సొరంగాలు తవ్వేవారు. ఆ గుట్టలో ఎంత బంగారం ఉందో వసంతంలో వాగు పారి, చెక్క తొట్లలో మన్ను కడిగేదాకా ఖాయంగా తెలిసేది కాదు. చలికాలమంతా అప్పు మీద బతికి, మే నెలలో తొట్టి అడుగున అడ్డకర్రల మధ్య ఏం నిలిచిందో చూసుకున్నప్పుడు గానీ వారి ఏడాది కష్టం తేలేది కాదు.

ఈ పద్ధతిలో కొండల మీది అడవి మొత్తం కట్టెలకింద కరిగిపోయింది. మంటల తర్వాత ఆవిరి గొట్టాలు వచ్చాయి, ఆపైన పెద్ద కంపెనీలు నేలలోకి ఇనుప గొట్టాలు దించి మామూలు చన్నీటినే ఎక్కించి కరిగించడం మొదలుపెట్టాయి. వినడానికి వింతగా ఉన్నా, ప్రవహించే చన్నీరు ఆవిరికన్నా తక్కువ ఖర్చుతో పెద్ద విస్తీర్ణాన్ని కరిగించగలిగింది. అలా మెత్తబడిన లోయల్లోకి డ్రెడ్జర్లు దిగాయి. వాటిలో నాలుగో నంబరుది బొనాంజా వాగు పక్కన నేటికీ ఉంది. దుంగలతో కట్టిన పెద్ద పడవ మీద ఎనిమిదంతస్తుల ఎత్తు యంత్రం అది. తాను తవ్వుకున్న చెరువులోనే తేలుతూ, ముందువైపు గొలుసు బకెట్లతో రాతిపొర దాకా గీకి, లోపల కడిగి బంగారం తీసుకుని, మిగిలిన రాళ్లను వెనక ఊగే పట్టీ మీదుగా అర్ధచంద్రాకారంలో పోసుకుంటూ పోయేది. 1913 నుంచి 1959 దాకా పనిచేసింది. ఊరి వెనక లోయల్లో గొంగళిపురుగుల బారులా కనిపించే గులకగుట్టలు ఇలాంటి డ్రెడ్జర్లు వదిలినవే. మొదటిసారి చూసినవారికి అవి నేల మీది గాయాల్లా తోస్తాయి, గనివాళ్ల కుటుంబాలకు తాతల నాటి సంపాదన గుర్తులా తోస్తాయి. రెండూ నిజమే. అయితే గోల్డ్ రష్ అంటే పళ్లెం పట్టుకున్న ఒంటరి మనిషి బొమ్మే ఎక్కడ చూసినా కనిపిస్తుంది గానీ, ఇక్కడి నేల రూపురేఖలు మార్చింది ఆ మనిషి కాదు, అతని తర్వాత అరవై ఏళ్లు లోయలను తవ్విన కంపెనీలు. డాసన్‌లో ఒక్కటే చూసే తీరిక ఉంటే చూడవలసింది ఈ యంత్రాన్నే అని నా అభిప్రాయం.

వాలిన ఇళ్లు, దాగిన రీళ్లు

ఊళ్లోనూ నేల ఇదే. నదీతీరపు ఒండ్రు మట్టిలో మంచు పలకలు కలిసి గడ్డకట్టి ఉంటాయి. ఇంట్లో పొయ్యి వెలిగితే ఆ వేడి నేల కిందికి దిగి మంచు కరుగుతుంది, కరిగిన చోట నేల కుంగుతుంది, ఇల్లు ఒక మూలకు ఒరుగుతుంది. థర్డ్ అవెన్యూలో ఒకదానినొకటి ఆనుకుని వాలిన పాత చెక్క దుకాణాలు రెండు ఇందుకు ఉదాహరణ. వాటిని బాగుచేయకుండా కావాలనే అలా ఉంచారు. మిగతా ఇళ్లలో చాలావాటిని నేలకు ఎత్తుగా దుంగల మీదో జాకీల మీదో నిలబెట్టి, కింద చల్లగాలి ఆడేలా చేస్తారు. ఏడాదికోసారి ఏ మూల ఎంత దిగిందో చూసుకుని జాకీ తిప్పి సరిచేసుకోవడం ఇంటివారి పనుల్లో ఒకటి. తారు వేస్తే నల్లని ఉపరితలం ఎండను పీల్చి అడుగు మంచును కరిగిస్తుంది కనుక చాలా వీధులు మట్టివిగానే ఉన్నాయి. చెక్క కాలిబాటలు పాతకాలపు సోకు కోసం మాత్రమే కాదు, వసంతంలో మోకాలి లోతు బురద నుంచి కాపాడటానికి కూడా.

ఇదే నేల ఒక నిధిని దాచిపెట్టింది. మూకీ సినిమాల కాలంలో డాసన్ ఆ రీళ్ల పంపిణీకి చివరి మజిలీ. తిప్పి పంపడానికి అయ్యే ఖర్చు దండగనుకుని పంపిణీదారులు వాటిని అక్కడే వదిలేశారు. పేరుకుపోయిన రీళ్లలో కొన్నింటిని 1929లో పాడుబడిన ఈతకొలనులో పోసి పూడ్చి, ఆ పైన మంచు మీద ఆడే హాకీ మైదానం వేశారు. 1978లో కొత్త భవనం కోసం తవ్వుతుంటే 500కు పైగా రీళ్లు బయటపడ్డాయి. తేలిగ్గా అంటుకునే నైట్రేట్ ఫిలిం అది. ప్రపంచంలో మరెక్కడా మిగలని చిత్రాలు కొన్ని ఆ చలిలో అలా బతికాయి.

గోల్డ్ రష్ ముగిశాక ఊరు ఎందుకు పూర్తిగా ఖాళీ కాలేదన్నదానికి ఒకటిరెండు కారణాలున్నాయి. 1898 నుంచి 1953 దాకా యూకాన్ ప్రాంతానికి డాసనే రాజధాని, డ్రెడ్జర్ల పని 1960ల దాకా సాగింది. అలాస్కా రహదారి వైట్‌హార్స్ మీదుగా పోవడంతో రాజధాని కూడా అటే తరలిపోయింది. తర్వాత కెనడా పార్కుల శాఖ పాత భవనాలను కొని నిలబెట్టింది. 1971లో మొదలైన జూదశాలను లాభాపేక్ష లేని పర్యాటక సంఘమే నడుపుతుంది, దాని ఆదాయం ఊరి పనులకే వెళుతుంది. ఎండబెట్టిన మనిషి కాలివేలును మద్యంలో వేసి తాగించే హోటలు ఒకటి ఉంది, చాలామంది ఆ ఊరి గురించి విన్నది అదొక్కటే కావడం విచారకరం.

నది మలుపులో అంతకుముందున్నవారు

క్లాండైక్ నది యూకాన్‌లో కలిసే చోట, డాసన్‌కు ఎదురుగా, ట్రోచెక్ అన్న చేపల వేట స్థావరం ఉండేది. హాన్ భాష మాట్లాడే ట్రోండెక్ హ్వెచిన్ ప్రజలు నదిలో గుంజలు పాతి, ఎదురీదే చినూక్ సాల్మన్ చేపలను పట్టి, ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవారు. గనివాళ్లు వచ్చిపడిన ఏడాదిలోపే ఆ ఒడ్డు గుడిసెలతో, సారా దుకాణాలతో నిండిపోయింది. వారి నాయకుడు చీఫ్ ఐజక్ 1897లో తన ప్రజలను ఐదు కిలోమీటర్ల దిగువనున్న మూస్‌హైడ్‌కు తరలించాడు. అంతటితో ఆగక, ఈ రద్దీలో తమ పాటలూ నాట్యాలూ మాసిపోతాయని గ్రహించి, వాటిని అలాస్కాలోని బంధుజనానికి నేర్పి, దాచిపెట్టమని అప్పగించాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1990లలో, ఆయన వారసులు వెళ్లి వాటిని తిరిగి నేర్చుకుని తెచ్చుకున్నారు. గోల్డ్ రష్ కథల్లో ఇంత ముందుచూపు ఉన్న మనిషి నాకు మరొకరు కనిపించరు.

1998లో ట్రోండెక్ హ్వెచిన్ ప్రజలు కెనడా, యూకాన్ ప్రభుత్వాలతో భూమి ఒప్పందం, స్వపరిపాలన ఒప్పందం కుదుర్చుకున్నారు. నేడు వారిది పన్నులు, భూమి, వారసత్వ విషయాల్లో అధికారాలున్న ప్రభుత్వం. 2023 సెప్టెంబరులో రియాద్‌లో జరిగిన సమావేశంలో యునెస్కో జాబితాకెక్కిన ట్రోండెక్-క్లాండైక్ వారసత్వ స్థలం ఎనిమిది చోట్ల సముదాయం. డాసన్ ఊరు, ట్రోచెక్, మూస్‌హైడ్, దిగువనున్న ఫార్టీమైల్ వంటివి అందులో ఉన్నాయి. 1874 నుంచి 1908 దాకా వలస వచ్చిన అధికారాన్ని, వ్యాపారాన్ని, జనాన్ని అక్కడి ఆదివాసులు ఎలా ఎదుర్కొని తమ జీవితాన్ని ఎలా మలచుకున్నారన్నదే ఆ గుర్తింపుకు ఆధారం. గోల్డ్ రష్ అందులో ఒక ఘట్టం మాత్రమే. కనుక డాసన్ చూడటానికి వెళ్లేవారు నది గట్టున ఉన్న డానోజా జో సాంస్కృతిక కేంద్రంతో మొదలుపెట్టడం మంచిది. అక్కడ గంట గడిపి బయటికొస్తే చెక్క దుకాణాల వీధి వేరుగా కనిపిస్తుంది. మూస్‌హైడ్ నేటికీ వారి సొంత స్థలం, ఆహ్వానమో అనుమతో లేకుండా పడవ కట్టకూడదు. రెండేళ్లకోసారి వేసవిలో అక్కడ జరిగే వేడుకకు మాత్రం అందరికీ స్వాగతం ఉంటుంది.

ఊరు దాటితే

డాసన్‌కు 40 కిలోమీటర్ల తూర్పున డెంప్‌స్టర్ రహదారి ఉత్తరానికి చీలుతుంది. ఉత్తరాన ఉన్న ఇనువిక్ పట్టణం దాకా 736 కిలోమీటర్లు, దాదాపు అంతా కంకర దారి. చమురు అన్వేషణ కోసం తలపెట్టి, 1979లో తెరిచిన ఈ రోడ్డును నేలను తవ్వకుండా, నేల మీదే 1.2 నుంచి 2.4 మీటర్ల దాకా కంకర ఎత్తుగా పోసి కట్టారు. కంకర పొర దుప్పటిలా పనిచేసి అడుగు మంచును కరగనివ్వకూడదన్నది ఉద్దేశం. 2017లో ఈ దారిని ఆర్కిటిక్ సముద్రతీరాన ఉన్న టుక్టోయాక్టుక్ దాకా పొడిగించారు. కూడలి దాటాక మళ్లీ పెట్రోలు దొరికేది 369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్‌లోనే. పదునైన కంకరకు టైర్లు చీలడం మామూలు కాబట్టి అనుభవజ్ఞులు రెండు అదనపు టైర్లు తీసుకెళతారు. దారిలో ఫోను సిగ్నలు ఉండదు.

అంతదూరం వెళ్లనివారికి 71వ కిలోమీటరు దగ్గర సందర్శకుల కేంద్రం ఉన్న టూంబ్‌స్టోన్ పార్కు చాలు. 2,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ పార్కు కూడా 1998 ఒప్పందం నుంచి పుట్టిందే. నల్లని రంపపు పళ్ల వంటి శిఖరాలు, కింద చెట్టు అన్నది లేని టండ్రా. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా ఆ టండ్రా మొత్తం ఎర్రబడుతుంది. గ్రిజ్లీ సరస్సుకు కాలిబాట 11 కిలోమీటర్లే అయినా రాళ్ల మీదుగా ఎక్కడం వల్ల పగలంతా పడుతుంది. అక్కడ రాత్రి బస చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, తిండిని ఎలుగుబంట్లు తెరవలేని డబ్బాల్లోనే ఉంచాలి. చలికాలంలో ఈ దారి వెంబడి పోర్క్యుపైన్ అని పేరున్న కారిబూ (అడవి రెయిన్‌డీర్) మంద కొంత దిగివస్తుంది. 2017 లెక్కల్లో రెండు లక్షల పైచిలుకు జంతువులున్న మంద అది.

ఈ అడవిని మనిషి తాకనిదని అనుకోవడం పొరపాటు. వాగుల్లో బంగారం తవ్వకం నేటికీ సాగుతుంది, చాలావరకు కుటుంబాల చేతిలో, బుల్డోజర్లతో, నీటి గొట్టాలతో. వారు గడ్డకట్టిన బురదను కరిగిస్తుంటే ఎముకలు బయటపడుతుంటాయి. 2022 జూన్ 21న యురేకా వాగులో ఇలా బయటపడిన మామత్ పిల్ల, చర్మం, తొండం, గోళ్లతో సహా 30,000 ఏళ్లకు పైగా చెడిపోకుండా ఉంది. ట్రోండెక్ హ్వెచిన్ పెద్దలు దానికి నన్ చో గా అని పేరు పెట్టారు. హిమానీనదాలు రాకపోబట్టే మామత్‌లు ఇక్కడ మేశాయి, పెర్మాఫ్రాస్ట్ వల్లే మిగిలాయి, బంగారం కోసం తవ్వబట్టే దొరికాయి.

ఇక్కడే చిక్కుముడి కూడా ఉంది. తవ్వకం వల్ల వాగుల్లో బురద పెరిగితే చేపలు దెబ్బతింటాయన్నది పాత తగాదా. గులక బంగారం మీద రాయల్టీ, అంటే ప్రభుత్వానికి కట్టే వాటా, ఔన్సును 15 డాలర్లుగా లెక్కగట్టి రెండున్నర శాతం, అంటే 37.5 సెంట్లు, అని 1906లో నిర్ణయించారు. బంగారం ధర వంద రెట్లకు పైగా పెరిగినా వందేళ్లకు పైగా ఆ అంకె కదల్లేదు. చినూక్ సాల్మన్ మాత్రం తగ్గుతూ వచ్చి, 2024లో కెనడా, అలాస్కా కలిసి యూకాన్ నదిలో వాటి వేటను ఏడేళ్లపాటు నిలిపివేశాయి. దీనికి తవ్వకం ఒక్కటే కారణం కాదు. వేడెక్కుతున్న నది, బేరింగ్ సముద్రంలో మార్పులు, దిగువన దశాబ్దాల వేట, అన్నీ కలిశాయి. అయినా ట్రోచెక్ దగ్గర చేపలు పట్టి బతికినవారి మనుమలు వలలు తీసేస్తే, వాగుల్లో బుల్డోజర్లు మాత్రం నడుస్తున్నాయన్న అసంతృప్తిలో న్యాయం ఉంది. గని కుటుంబాల వాదన కూడా తీసిపారేయలేనిది: పర్యాటకం నాలుగు నెలల పని, ఊరిని ఏడాది పొడవునా నిలబెట్టే సంపాదనలో బంగారం వాటా పెద్దది.

వెళ్లదలచినవారికి

వైట్‌హార్స్ నుంచి రోడ్డు మార్గాన డాసన్ దాదాపు 530 కిలోమీటర్లు, చిన్న విమానాలు కూడా ఉన్నాయి. ఆర్కిటిక్ వృత్తానికి కాస్త దక్షిణాన ఉండటం వల్ల జూన్‌లో సూర్యుడు కాసేపు అస్తమించినా చీకటి పడదు. అర్ధరాత్రి ఊరి వెనక మిడ్‌నైట్ డోమ్ కొండ మీది నుంచి రెండు నదుల కలయిక, గులకగుట్టల బారులు, ట్రోచెక్ ఒడ్డు ఒకే చూపులో కనిపిస్తాయి. మూడు రోజులుంటే మొదటి రోజు సాంస్కృతిక కేంద్రానికీ ఊరి వీధులకూ, రెండో రోజు డ్రెడ్జరుకూ బొనాంజా వాగుకూ, మూడో రోజు టూంబ్‌స్టోన్‌కూ కేటాయించుకోవచ్చు. జూదశాలకు సాయంత్రాలు ఎలాగూ ఉంటాయి. నది దాటి అలాస్కా వైపు వెళ్లే దారికి ఉచిత ఫెర్రీ ఉంది. చలికాలంలో నది గడ్డకట్టాక మంచు మీదే బాట వేస్తారు గానీ, ఇటీవలి కొన్ని చలికాలాల్లో మామూలు చోట నది సరిగా గడ్డకట్టక ఆ బాట వేయలేకపోయారు. సెప్టెంబరు మధ్య దాటితే ఈ ఏర్పాట్లలో సగం పనిచేయవు: అలాస్కా సరిహద్దు చెక్‌పోస్టు మూతపడుతుంది, హోటళ్లు చాలావరకు తలుపులేస్తాయి, టూంబ్‌స్టోన్ దారిలో మంచు పడటం మొదలవుతుంది.